మా అరుగు దగ్గర మారిన సైకిలు

ఒక సైకిలు ఇద్దరికి చాలదని బెంజమిన్‌కి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు. నేను చెప్పడం, అతను తల వంచుకుని నవ్వడం. నా మాట మా ఇంట్లోనే చెల్లదు, ఇక దారినపోయేవాళ్ళేం వింటారు. అయినా చెప్పకుండా ఉండలేను. శేషారత్నానికి అది నోటి జబ్బు అంటారు మా ఆయన.

నేను చెప్పబోయేది బెంజమిన్ భార్య పుష్పలత సంగతి. కానీ ఆ సైకిలు ఊసెత్తకుండా పుష్పలత గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది.

మా ఇల్లు మూడు దారులు కలిసేచోట ఉంది. భీమడోలుకీ దెందులూరుకీ మధ్య హైవే దిగి, వరిచేల మధ్య నుంచి కాస్త లోపలికొస్తే మా అరుగు కనిపిస్తుంది. ఒక దారి పేటకి పోతుంది. క్రైస్తవుల ఇళ్ళన్నీ అటే, చర్చీ అటే, పుష్పలత వాళ్ళిల్లూ అటే. రెండో దారి కొల్లేరు వైపు చేపల చెరువులకి. బెంజమిన్ అక్కడ రాత్రి కాపలా. మూడోది లోపలి ఊళ్ళకి. కొల్లేరులో సర్కారువాళ్ళు అక్రమ చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడు పుష్పలతకి ఆశా పని వచ్చింది. ఆ ఊళ్ళలో గర్భిణీలనీ, బాలింతలనీ, పసిపిల్లలనీ చూసుకోవాలి. ఆ పనికే సైకిలు కావలసి వచ్చింది.

పొద్దున్నే బెంజమిన్ చెరువుల వైపు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పుష్పలత పేట నుంచి నడిచొచ్చేది. ఇద్దరూ మా అరుగు ముందు కలిసేవాళ్ళు. మా గోడ గూట్లో వాళ్ళ పానా ఒకటి ఉండేది. అతను దాంతో సీటు కింది బోల్టు వదులు చేసి, సీటు దించి, మళ్ళీ బిగించి, సైకిలు కదలకుండా పట్టుకునేవాడు. ఆమె ఎక్కి లోపలి ఊళ్ళకి వెళ్ళిపోయేది. అతను పేటకి నడిచిపోయి పడుకునేవాడు. సాయంత్రం ఇదే వరస తిరగబడేది. ఆమె వచ్చి దిగేది, అతను సీటు లేపుకుని చెరువులకి పోయేవాడు, ఆమె ఇంటికి నడిచేది. మొదట్లో అతను అరుగు ఎక్కేవాడు కాదు, కిందే నిలబడేవాడు. ఆ కాలం అయిపోయిందయ్యా, కూర్చో అని నేను కసిరితే, అప్పుడు అంచున కూర్చున్నాడు.

సీటు అన్నిసార్లు దించడం, లేపడం ఎందుకంటే, బెంజమిన్ మా వీధి గుమ్మంలోంచి రావాలంటే నడుం వంచాలి. పుష్పలత మా అరుగు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు. అలాంటి ఇద్దరిని దేవుడు జత కలిపాడు సరే, సైకిలు కూడా జతగా వాడుకోమని ఆయనేం చెప్పలేదు కదా.

ఆ సైకిలు కొన్నరోజు నేను చూస్తూనే ఉన్నాను. హైవే మీద సెంటర్లో ఏసుబాబు సైకిలు షాపుంది. మా ఆయన సైకిలుకి ట్యూబు మార్పించడానికి నేను అక్కడ కూర్చున్నాను. ఏసుబాబు బెంజమిన్‌ని ఇరవై నాలుగు సైజు ఫ్రేము మీద అటొక కాలూ ఇటొక కాలూ వేయించి నిలబెట్టాడు. అతని కోసమే చేసినట్టు సరిపోయింది. అదే ఫ్రేము పక్కన పుష్పలత నిలబడితే అడ్డకమ్మీ ఆమె నడుం దాటింది. చీరకట్టుతో దాన్నెక్కడం జరిగే పని కాదు. అడ్డకమ్మీ లేని లేడీస్ సైకిలు ఇరవై రెండులో ఉంది.

"ఫ్రేమంటే మనిషికి ఎముకల్లాంటిదండి. దాన్ని సాగదీయలేం, కుదించలేం. ఎవరికి కొంటున్నారో ముందు తేల్చుకోండి," అన్నాడు ఏసుబాబు.

"ఇద్దరికీనండి," అన్నాడు బెంజమిన్, చిన్న ఫ్రేము మీద చెయ్యేసి.

ఏసుబాబు వాళ్ళకో కొలత చూపించాడు. మోచెయ్యి సీటు ముక్కుకి ఆనించి చెయ్యి ముందుకు చాపితే, వేళ్ళ చివర్లు హ్యాండిల్‌కి తగలాలి. అప్పుడు ఆ సైకిలు మన ఒంటికి కుదిరినట్టు. పుష్పలత చాపితే సరిగ్గా తగిలాయి. బెంజమిన్ చాపితే హ్యాండిల్ అతని మణికట్టు దగ్గరే ఉండిపోయింది.

"మీకు ఇరుకైపోద్దండి. హ్యాండిల్‌ని ఫ్రేముతో కలిపే ఈ ఇనప మెడ ఉంది చూశారా, స్టెమ్ అంటారు. పొడుగుది వేస్తే హ్యాండిల్ ముందుకీ పైకీ జరుగుద్ది, మీ నడుం నిటారుగా ఉంటది. కానీ ఆవిడికి అందదు. సీటులాగా పూటకోసారి మార్చుకునేది కాదండి అది. విప్పితే మళ్ళీ తిన్నగా కూర్చోబెట్టడం పెద్ద పని."

"అయితే పొట్టిదే ఉంచండి. సీటు నేను లేపుకుంటాను," అన్నాడు బెంజమిన్.

అలా సీటు ఇద్దరిదీ అయింది, హ్యాండిల్ మాత్రం పుష్పలతది అయింది. అతను ఆ సైకిలు మీద వస్తుంటే చూడలేకపోయేదాన్ని. సీటు ఎంత లేపినా హ్యాండిల్ కిందే ఉండేది, దాన్ని అందుకోవడానికి వీపు గూనిలా వంచేవాడు. మలుపు తిరిగితే మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంటుందని కాళ్ళు ఎడంగా పెట్టి తొక్కేవాడు. ఆడ సైకిలు మీద కప్ప వస్తోందని చెరువుల దగ్గర జనం నవ్వేవాళ్ళు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. మా అరుగు దగ్గర దిగాక మాత్రం నడుం మీద చెయ్యేసుకుని కాసేపు అలా నిలబడేవాడు.

పుష్పలతకి కళ్ళు లేవా. ఒకరోజు మధ్యాహ్నం తనే ఏసుబాబు దగ్గరకెళ్ళి పొడుగు స్టెమ్ వేయించుకొచ్చింది. ఆ సాయంత్రం బెంజమిన్ నిటారుగా కూర్చుని తొక్కుకుంటూ పోతుంటే, ఇంత ఠీవి ఉన్న మనిషా ఇతను అనిపించింది. నాకేం ఇబ్బంది లేదని ఆమె అంటే నమ్మాడు, కొన్నాళ్ళు అలా నడిచింది. ఒక పొద్దున్న సీటు దించి సైకిలు పట్టుకుని, ఆమె ఎక్కడం పరీక్షగా చూశాడు. ఆమె చేతులు బారుగా చాపి, ముందుకు వాలి, వేళ్ళ కొసలతో హ్యాండిల్ పట్టుకుంది. అతను సైకిలు వదల్లేదు.

"దిగు. ఎవర్నడిగి వేయించావు ఇది?"

"మీ నడుం అడిగితే వేయించాను."

"నీ భుజాలు చూసుకున్నావా? మొన్న రాత్రి మీ అక్కచేత అమృతాంజనం రాయించుకున్నావంట కదా."

"నేను ఇంటింటికీ ఆగి ఆగి తొక్కుతాను, నాకేం కాదు. మీరు రాత్రంతా గట్టు మీద తిరగాలి."

"పసిగుడ్లని పట్టుకునే చేతులే అవి. వణుకుతూ ఉంటే ఎలా పట్టుకుంటావు?"

ఆమె దిగదు, అతను వదలడు. లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, వీధిలో మొగుడూ పెళ్ళాలు ఒకరి ఒంటి నొప్పి కోసం ఒకరు తగువు పడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో నా నడుం ఎలా ఉందని అడిగిన నాథుడు లేడు, ఆ మంట కూడా ఉందనుకోండి. "ఏమే పుష్పా, అతని మాట విను, లేకపోతే ఇద్దరూ నడిచి చావండి," అని అరిచాను.

చివరికి అతనే నెగ్గాడు. ఏసుబాబు మళ్ళీ పొట్టిది వేశాడు. ఆ పొడుగు ముక్క వాళ్ళ చేతిలో ఉంటే మళ్ళీ ఇదే రభస అని, నేనే లాక్కుని మా అటక మీద పడేశాను.

ఆ తరవాత చెరువు యజమాని సుబ్బరాజుగారు బెంజమిన్ అవస్థ చూసి, మా ఇంట్లో పెద్ద సైకిలు ఊరికే పడుంది, తీసుకెళ్ళరా అన్నారట. అచ్చంగా ఇరవై నాలుగు ఫ్రేము. ఇతను వద్దన్నాడట. ఆ సంగతి తెలిసి నేను పొద్దున్నే కాపు కాశాను. పుష్పలత ఇంకా రాలేదు.

"నీకు బుద్ధుందా? ఎవరైనా సైకిలిస్తానంటే వద్దంటారా?"

అతను పానా తీసుకుని బోల్టు విప్పుతూ, తలెత్తకుండా చెప్పాడు. "అది తెచ్చుకుంటే నేను ఇక్కడ ఆగక్కర్లేదండి అమ్మగారూ, తనూ ఆగక్కర్లేదు. నేను ఇంటికి చేరేసరికి తను పనిలోకి పోతది. తనొచ్చేసరికి నేను చెరువు మీదుంటాను. ఆదివారం తను చర్చికెళ్తది, నాకు పగటి కాపలా కూడా పడుద్ది, చేపలకి ఆదివారం ఉండదు కదండీ. ఈ సీటు దించే కాసేపేనండి, మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేది."

లోపలికెళ్ళి టీ పెట్టాను. అప్పట్నుంచి రోజూ వాళ్ళిద్దరికీ రెండు గ్లాసులు టీ ఎక్కువ పెట్టేదాన్ని. ఆ ఒక్క బోల్టు విప్పడానికి అతను ఎంతసేపు తీసుకున్నా, ఏంటయ్యా ఆలస్యం అని అడగలేదు.

అలా మూడేళ్ళు జరిగింది. రోజూ అక్కడే బిగించడం వల్ల సీటు కింద గొట్టం మీద రెండు చోట్ల అరిగి మెరిసేది. పై గీత పుష్పలతది. కింది గీత బెంజమిన్‌ది, సీటు పైకి లేపితేనే అది ఫ్రేములోంచి బయటికొచ్చేది.

అది వానల కాలం. లోపలి ఊళ్ళో రాజకుమారి అనే పిల్లకి నొప్పులు మొదలై, పుష్పలత అక్కడే ఉండిపోయింది. సాయంత్రం బెంజమిన్ వచ్చి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. పగటి కాపలా మనిషి చీకటి పడకుండా ఇంటికి పోవాలి.

"నేను నడిచి పోతానండి. పుష్ప వస్తే సైకిలు ఇంటికే తీసుకెళ్ళమనండి. అలిసిపోయి ఉంటది, చీకట్లో నడవక్కర్లేదు," అన్నాడు.

సైకిలుంటే పెద్ద గట్టు మీదుగా పోయేవాడు. నడక కదా, దగ్గరని పొలాల గట్టు పట్టుకుని పోయాడు.

అతను వెళ్ళిన కాసేపటికే పుష్పలత వచ్చింది. రాజకుమారికి మొగపిల్లాడు. మొహం వెలిగిపోతోంది, ఆ కబురు మొగుడికి చెప్పాలని వచ్చింది. అతను నడిచిపోయాడని చెబితే ఆ వెలుగు తగ్గింది. అంతలో అబ్బులు ట్రాక్టరు వచ్చింది, చెరువులకి మేత బస్తాలు తీసుకెళుతున్నాడు. ఆమె అడ్డం పరిగెత్తి ఆపింది.

"అబ్బులన్నా, ఈ సైకిలు ఆయనకి చేర్చెయ్యవా. పొద్దున్న నడవకుండా వస్తారు."

అబ్బులు దిగేలోపు ఆమె గూట్లోంచి పానా తీసింది. అన్నేళ్ళలో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. బోల్టు వదులు చేసి, సీటు రెండు చేతులతో పట్టుకుని పైకి లాగింది. కింద మెరిసే గీత కనిపించగానే ఆపింది. "ఇదే కదండీ ఆయన గీత?" అని నన్నడిగి, పళ్ళ బిగువున బిగించింది. పైకెత్తిన సీటు ఆమె నడుం పై దాకా వచ్చింది. దాన్ని చూసి తనలో తనే నవ్వుకుంది. అబ్బులు సైకిలు బస్తాల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాడు.

ఆమె టీ తాగడం అవలేదు, ట్రాక్టరు వెనక్కి వచ్చేసింది. దీపాలు పెట్టే వేళ. బస్తాల మీద సైకిలు అలాగే ఉంది. దాని పక్కన బెంజమిన్ ఉన్నాడు. పొలాల గట్టు మీద పాము కరిచింది. కాలు ఈడ్చుకుంటూ పెద్ద గట్టెక్కి అక్కడ కూలబడితే అబ్బులు చూశాడు. నేను గుడ్డ పీలిక తెచ్చి కాలికి కట్టాను. పుష్పలత బండి ఎక్కి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఏలూరు పెద్దాసుపత్రికని బయల్దేరారు. ఆ పూట నేను మొక్కని దేవుడు లేడు, వాళ్ళ దేవుడికి కూడా మొక్కాను.

దెందులూరు దాటాక ప్రాణం పోయిందట. అంతకుముందు, హైవే ఎక్కేటప్పుడు అతను పక్కనున్న సైకిలు కేసి చూసి, చెయ్యి చాపి సీటు తడిమాడట. "నువ్వే లేపావా? సరిగ్గా పెట్టావు పుష్పా," అన్నాడట. అదే ఆఖరి మాట.

పేటలో సమాధి చేశారు. అబ్బులు సైకిలు తెచ్చి మా అరుగుకి ఆనించి వెళ్ళాడు. కొన్ని వారాలకి పుష్పలత మళ్ళీ పనిలోకి వచ్చింది. పొద్దున్నే మా అరుగు ముందు ఆగింది. నేను పానా ఇవ్వబోయాను. వద్దని తలూపి, సైకిలు పట్టుకుని నడిపించుకుంటూ లోపలి ఊళ్ళ దారి పట్టింది. సాయంత్రం అలాగే నడిపించుకుంటూ వచ్చింది. మర్నాడూ అంతే. అతను సరిగ్గా పెట్టావన్న సీటు దించడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

నేను తిట్టాను. బతిమాలాను. ఏసుబాబుని పిలిపించాను, ఆమె సైకిలు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. వేరే సైకిలు తీసుకోవే అంటే, ఇది ఉంది కదండీ అంది. మూడు ఊళ్ళు తిరగాల్సిన మనిషి ఒక ఊరు తిరిగేసరికే పొద్దుపోయేది. బాలింతలు ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ మనిషికి మతి చెడిందని కొందరు, పనిలోంచి తీసేస్తారని కొందరు. ఎక్కని సైకిలు ఎందుకమ్మా మోస్తావని దారిలో అడిగితే, దాన్ని నడిపించుకుంటూ ముందుకు పోయేది. వానకి తడిసి ఆ సైకిలుకి తుప్పు పట్టసాగింది.

ఒక పొద్దున్న ఆమె మా అరుగు దాకా వచ్చేసరికి రాజకుమారి తండ్రి ఎదురు పరిగెత్తుకొచ్చాడు. పసివాడికి రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతోంది, ఇప్పుడు కళ్ళు తేలేస్తున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే రాజకుమారి అత్త ఒప్పుకోవడం లేదు, తాయెత్తు కట్టించాలంటోంది. "నువ్వు చెబితే వింటదమ్మా, తొందరగా రా," అన్నాడు. నేను అబ్బులుకి కబురు పంపాను, 108కి ఫోన్ చేయించాను. అది హైవే దాకా వస్తుంది. లోపల ఆ ఇంట్లోంచి పిల్లాణ్ణి కదిలించాల్సింది పుష్పలతే.

ఆమె సీటు కేసి చూసింది. నా కేసి చూసింది. నేను పానా తెచ్చాను. "నేను దించనా?" అన్నాను.

"వద్దండి. లేపింది నేనే కదా."

బోల్టు విప్పింది. సీటు దిగలేదు, తుప్పు పట్టేసింది. రెండు చేతులూ వేసి అటూ ఇటూ తిప్పింది. కిర్రుమంటూ కదిలింది. కొంచెం కొంచెంగా దిగింది. కింది గీత ఫ్రేము లోపలికి వెళ్ళిపోయింది. ఆమె బిగించి, చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కింది. సైకిలు పట్టుకోవడానికి ఎవరూ లేరని నేనే పట్టుకున్నాను. అన్నాళ్ళు తొక్కకపోయినా తూలలేదు, ఆ సైకిలు ఆమె కొలతదే కదా. చేల మధ్య దారిలో ఎంత వేగంగా పోయిందంటే, ఆ పెద్దాయన వెనక పరిగెత్తలేక ఆగిపోయాడు.

పిల్లాడు బతికాడు. అది అందరికీ తెలిసిన సంగతి, ఇప్పుడు బడికి పోతున్నాడు.

సాయంత్రం పుష్పలత వచ్చి సైకిలు అరుగుకి ఆనించి, వంగి సీటు కింద వేలు పెట్టి తడిమింది. పై గీత ఉంది. రెండోది లేదు. "లోపలికెళ్ళిపోయిందండి అమ్మగారూ," అంది. అప్పుడు ఏడ్చింది. సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, మా అరుగు మీద పడి గుండెలవిసేలా ఏడ్చింది. పక్కన కూర్చుని వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను.

కళ్ళు తుడుచుకున్నాక అడిగింది. "ఆ పొడుగు ముక్క అటక మీద ఉందాండీ?"

మర్నాడు ఏసుబాబు వచ్చి ఆ పొడుగు స్టెమ్ బిగించాడు. "ఇది మీకు అందదమ్మా, భుజాలు పడిపోతాయి," అని ముందే చెప్పాడు. సీటు ఆమెకి తగ్గట్టు దించక తప్పలేదు, కాళ్ళు పెడలుకి అందాలి, ఊళ్ళు తిరగాలి. హ్యాండిల్ మాత్రం బెంజమిన్‌కి తగ్గట్టు ఉంది.

ఇప్పటికీ అలాగే తొక్కుతోంది. ఒక పొద్దున్న నేను ఉండబట్టలేక అడిగాను.

"ఏమే, అలా చేతులు చాపుకుని తొక్కుతుంటే నొప్పెట్టదూ?"

"పెడుతుందండి," అంది. "ఆయన మూడేళ్ళు నాకోసం వంగి తొక్కారు. నేను ఆయన కోసం కాస్త చాపుకోలేనా."

సైకిలు మార్చుకోవడానికి ఇప్పుడు మా అరుగు దగ్గర ఎవరూ రారు. అయినా పుష్పలత రోజూ పొద్దున్నే వచ్చి దిగుతుంది. నేను రెండు గ్లాసుల్లో టీ తెస్తాను, రెండోది నేను తాగుతాను. ఒక సీటు దించేంతసేపు ఆ సైకిలు పక్కన ఊరికే నిలబడి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోతుంది. పానా గూట్లోనే ఉంది.